మందు తాగిన రాత్రి మాత్ర సంగతి

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లా నలుమూలల నుంచి వచ్చిన కౌన్సిలర్లతో, ఆశా కార్యకర్తలతో, లింక్ వర్కర్లతో ఈ పూట ఒక్క విషయమే మాట్లాడుకుందాం. హెచ్‌ఐవీ ఉండి, ప్రమాదకరంగా తాగుతున్న మనిషికి మనం ఏం చెప్పాలి, ఏం చేయించాలి?

చిక్కు మన మాటలోనే మొదలవుతుంది. సీసాలోదీ మందే, ఏఆర్‌టీ సెంటర్‌లో హెచ్‌ఐవీకి ఇచ్చేదీ మందే. "రెండు మందులు కడుపులో కలిస్తే విషమైతాదంట" అనే మాట గుంతకల్లులోనూ వింటాం, తాడిపత్రిలోనూ వింటాం. ఆ భయంతో మనిషి సీసా మానడు, మాత్ర మానేస్తాడు. శనివారం కూలి డబ్బులు చేతికొచ్చిన రాత్రి మాత్ర ఉండదు. ఆదివారమూ అదే వరస. వారానికి రెండు అనుకున్నా నెలకు ఎనిమిది మాత్రలు పోతాయి. 30లో 22 అంటే 73 శాతం. మనం అడుగుతున్నది కనీసం 95 శాతం.

కాబట్టి మొదటి రోజు, మొదటి మాటగా చెప్పవలసింది ఇది: తాగినా సరే, మాత్ర వేసుకో. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న టీఎల్‌డీ మాత్రలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇవి మద్యంతో కలిసి విషం కావు. "అట్ల చెప్తే తాగమని మనమే చెప్పినట్లు కాదా?" అని చాలామంది కౌన్సిలర్లు వెనకాడతారు. కాదు. తాగుడు తగ్గడానికి నెలలు పట్టవచ్చు. అన్నాళ్లూ వైరస్ మన కోసం ఆగదు. రాత్రి మాత్రను పొద్దుటికి మార్పించండి. టీఎల్‌డీకి తిండితో పట్టింపు లేదు, పళ్లు తోముకోగానే వేసుకోవచ్చు. తాగే వేళకు మాత్ర పని అయిపోయి ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రాత్రి తాగినవాడికి పొద్దున్నే కడుపులో మంట. గ్యాస్ సిరప్ తాగి, వెంటనే టీఎల్‌డీ మింగుతాడు. ఆ సిరప్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. మాత్ర సిరప్‌కు 2 గంటల ముందైనా పడాలి, లేదా సిరప్ తర్వాత 6 గంటలకైనా పడాలి. టీబీ రాకుండా ఐసోనియాజిడ్ వాడుతున్నవారి సంగతి వేరు. ఆ మందుకు మద్యం తోడైతే కాలేయానికి నిజంగానే దెబ్బ. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో పోతున్నా, వాంతులు ఆగకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరికి పంపండి.

ఇక లెక్క. "కొంచెమే సార్" అనే మాటకు కొలత లేదు, మనమే కొలత పెట్టాలి. 10 గ్రాముల ఆల్కహాల్‌ను ఒక డ్రింకు అనుకుందాం. 42.8 శాతం ఉండే విస్కీ, బ్రాందీలలో 30 మిల్లీలీటర్లు ఒక డ్రింకు. అంటే నైంటీ మూడు, క్వార్టర్ ఆరు. 650 మిల్లీలీటర్ల బీరు 5 శాతందైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ అయితే నాలుగు. "బీరే కదా" అనేవాళ్లకు ఈ చివరి లెక్క కాగితం మీద వేసి చూపించండి. నాటుసారాకు ఏ లెక్కా కుదరదు, ఎన్ని గ్లాసులో మాత్రం రాసుకోండి.

తర్వాత తాగుడు తీరును కొలిచే ఆడిట్ (AUDIT) పట్టికలోని పది ప్రశ్నలు. మొత్తం 40 మార్కులు. 8, ఆపైన వస్తే ప్రమాదపు తాగుడు, 16, ఆపైన వస్తే హాని మొదలైనట్టు. 20, ఆపైన వస్తే తాగుడుకు బానిసై ఉండవచ్చు, అతన్ని మన మాటలతోనే సరిపెట్టకుండా డాక్టరు దగ్గరికి పంపాలి. పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక గుక్క పడితేగానీ కుదుటపడని మనిషికి "రేపట్నుంచి మానెయ్" అని ఎప్పుడూ చెప్పకండి. ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మతి తప్పడం, ప్రాణం పోవడం కూడా ఉంటుంది. ఆసుపత్రిలో మందులిచ్చి, బి1 విటమిన్ ఇచ్చి ఆపించాలి. అయ్యప్ప మాల వేసుకున్న రెండో రోజు కొందరు ఫిట్స్ వచ్చి పడిపోయేది ఇందుకే.

మాల మాట వచ్చింది కాబట్టి, దాన్నే మాట్లాడే పద్ధతికి వాడుకుందాం. తాగేవాడికి తాగుడు చెడ్డదని తెలుసు. మనం ఉపన్యాసం మొదలుపెడితే తలూపి వెళ్లిపోతాడు, వచ్చే నెల అబద్ధం చెబుతాడు. మానాల్సిన కారణం అతని నోటినుంచే రావాలి.

"అన్నా, తాగుడు గురించి రెండు మాటలు అడగొచ్చునా?"
"అడుగు సార్."
"తగ్గించాలని సున్నా నుంచి పది వరకు ఎంతుంది నీకు?"
"నాలుగు ఉంటాది."
"నాలుగెందుకు, రెండెందుకు కాదు?"
"పాప టెన్త్‌కొచ్చింది సార్. ఇంట్లో ఊరికే గలాటా."
"పాప చదువు పాడవుతాదని నీకు దిగులుంది. మాల వేసుకున్నప్పుడు 41 రోజులు ఎట్ల ఉండగలిగినావు?"

చూడండి, "పది ఎందుకు కాదు" అని అడగలేదు. అట్ల అడిగితే మానలేకపోవడానికి సాకులు వస్తాయి. 41 రోజుల ప్రశ్నకు మాత్రం ఉపాయాలు వస్తాయి: సాయంత్రం భజనకు పోయేవాణ్ణి, ఆ దోస్తులను కలవలేదు, చేతిలో డబ్బు పెట్టుకోలేదు. అవన్నీ రాసుకోండి. చికిత్సలో సగం అక్కడే ఉంది. మాల తీసే రోజు మాత్రం గండం, ఆ వారానికి ముందే ఒక ప్లాను వేయండి.

రెండో విడత నుంచి డైరీ. రాయలేనివారు క్యాలెండర్‌లో తాగిన రోజు గీతలు గీస్తే చాలు, గీతకు ఒక డ్రింకు. రెండు వారాల్లో వరస కనబడుతుంది: కూలి రోజు, జాతర, చావింటి నుంచి వచ్చిన సాయంత్రం, బెంగళూరు పనికి పోయి గదిలో ఒంటరిగా ఉన్న రాత్రి. ఒక్కోదానికి ఒక్కో పని. కూలి డబ్బులు షాపు దాటకముందే ఇల్లు చేరాలి. తాగాలనే యావ అలలాంటిది, చాలాసార్లు అరగంటలోపే దిగిపోతుంది. ఆ అరగంట కడుపునిండా సంగటి తిని, ఎవరితోనైనా మాట్లాడుతూ గడిపించాలి.

వద్దని చెప్పడం నోటితో సాధన చేయించాలి. మామూలు తాగుబోతుకు లేని ఇబ్బంది ఇక్కడ ఉంది: "మాత్రలు వాడుతున్నా" అంటే "ఏం మాత్రలు?" అని అడుగుతారు. కాబట్టి "కడుపులో పుండుంది మామా, డాక్టరు వద్దన్నాడు" లాంటి మాట సిద్ధంగా ఉండాలి. మీరే స్నేహితుడిగా గ్లాసు చేతికిచ్చి బలవంతపెట్టండి. మూడుసార్లు తడబడకుండా చెప్పేదాకా వదలకండి. తాగుడు గురించి భార్యతో మాట్లాడాల్సి వచ్చినా, అతని సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ మాట మీ నోట రాకూడదు, 2017 హెచ్‌ఐవీ చట్టం మామూలుగా ఒప్పుకోదు.

ఇదంతా డాక్టర్లే చేయాలా? అక్కర్లేదు. గోవాలో శిక్షణ పొందిన మామూలు మనుషులు పీహెచ్‌సీల్లో నాలుగు విడతల్లోపు మాట్లాడి తాగుడు తగ్గించారు, 2017లో ఫలితాలు వచ్చాయి. కెన్యాలోని ఎల్డొరెట్‌లో హెచ్‌ఐవీ ఉన్న 614 మందితో చేసిన అధ్యయనంలో ఆరు వారాల బృంద చికిత్సను నడిపిందీ అటువంటివారే.

చికిత్స చెడేది ఎక్కువగా మన వల్లే. తాగి వచ్చినవాణ్ణి వెనక్కి పంపేస్తాం. పంపకండి. మాత్రలు చేతికిచ్చి, మాటలకు ఇంకో రోజు పిలవండి. దేవుడి పటం ముందు ఒట్టు వేయించకండి, ఒట్టు తప్పినవాడు సిగ్గుతో సెంటర్‌కే రాడు, మాత్రలూ ఆగిపోతాయి. ఒకరోజు జారాడంటే "ఆ రోజు ఏం జరిగింది, మాత్ర వేసుకున్నావా?" అని అడగండి. ఆడవాళ్లను అడగడం మానకండి, సిగ్గుతో వాళ్లంతట వాళ్లు చెప్పరు.

మొదటి విడత అయిన మూడో రోజు ఫోన్ చేయండి, రెండు నిమిషాలు చాలు. మత్తు విషయానికి 14446, హెచ్‌ఐవీ విషయానికి 1097, రెండూ ఉచితమే. ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చోండి, ఒకరు గ్లాసు ఇచ్చేవారు, ఒకరు వద్దనేవారు.