తూకపు యంత్రాన్ని చూసి నడక మానకండి

అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, నడక ముగించుకుని చెమట ఆరకముందే ఈ బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియం మెట్ల మీద కూర్చున్న మిత్రులకు నమస్కారం. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో పదేపదే ఊపిరి ఆగే జబ్బు, ఉన్నవారి శరీర దారుఢ్యం గురించి, వారికి తోడుగా వచ్చే జబ్బుల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. వైద్యవృత్తి నుంచి విరమించుకున్నా మనసులో మిగిలిపోయిన ఒక ఫిర్యాదు ఉంది కనుక వెంటనే ఒప్పుకున్నాను.

నిద్రలో గొంతు కండరాలు సడలినప్పుడు కొందరికి, నానిన పేపరు స్ట్రాను గట్టిగా పీలిస్తే అతుక్కుపోయినట్టు, శ్వాసమార్గం మూసుకుపోతుంది. పది సెకన్లు గానీ అంతకు మించి గానీ ఊపిరి ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. ఊపిరి పూర్తిగా ఆగిన సందర్భాలను, బాగా తగ్గిన సందర్భాలను కలిపి గంటకు సగటున 5 దాటితే జబ్బు ఉన్నట్టు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

ఆటోనగర్‌లో సొంత లారీ నడుపుకొనే ఒకాయన నా దగ్గరకు వచ్చినప్పుడు ఆయన చేతిలో మూడు ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి: ఒకటి బీపీది, ఒకటి షుగరుది, మూడోది రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేస్తున్నందుకు ప్రోస్టేట్ అనుమానంతో చేయించిన పరీక్షలది. మూడు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగడం లేదు. మాట్లాడటం అయిపోయి ఆయన లేస్తుండగా, గుమ్మం దగ్గరే నిలబడిన ఆయన భార్య, “రాత్రిళ్లు ఊపిరి ఆగిపోతుందండీ, నేనే తట్టి లేపుతుంటాను” అన్నారు. అన్నాళ్లూ ఏ డాక్టరూ ఆమెను ఒక్క మాట అడగలేదు. చెన్నై రోడ్డు మీద రాత్రంతా లారీ నడిపే మనిషికి పగలు కూడా కునుకు ఆగదంటే, ఆ ప్రమాదం ఆయన ఒక్కడితో పోయేది కాదు.

ఆ కవర్లలోని జబ్బులు వేర్వేరుగా కనిపించినా మూలం చాలావరకు ఒకటే. ఊపిరి ఆగినప్పుడల్లా రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడుతుంది, అడ్రినలిన్ ఎగదన్నుతుంది. అందుకే రాత్రి దిగవలసిన బీపీ దిగదు, ఇన్సులిన్ సరిగా పనిచేయదు, గుండె లయ తప్పే ప్రమాదమూ పక్షవాతం ప్రమాదమూ పెరుగుతాయి. మూసుకున్న గొంతుతో ఊపిరి కోసం పెనుగులాడినప్పుడు ఛాతీలో కలిగే ఒత్తిడి మార్పులకు గుండె ఒక హార్మోనును విడుదల చేసి మూత్రాన్ని పెంచుతుంది.

ఇక నా ఫిర్యాదు. అలాంటివారికి మనం “బరువు తగ్గండి” అని చెప్పి పంపించేస్తాం. బరువు ముఖ్యం కాదని నేను అనను. పది శాతం బరువు తగ్గితే ఊపిరి ఆగే లెక్క సుమారు 26 శాతం తగ్గుతుందని 2000లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు అంచనా వేశారు. కానీ మన లారీ ఆయన మూడు నెలలు నడిచి, తూకపు యంత్రం ముల్లు కదలలేదని నడక మానేశారు. ఆయన ఒక్కరే కాదు, ఈ మైదానంలోనే ఎంతమంది అలా మాయమయ్యారో మీకు తెలుసు. (నడక కాగానే బందరు రోడ్డులో నేతి ఇడ్లీ తింటే ముల్లు ఎలా కదులుతుందన్నది వేరే సంగతి.)

2011లో అమెరికాలోనే వెలువడిన మరో అధ్యయనంలో 12 వారాలు నడక వంటి వ్యాయామంతో పాటు బరువులెత్తే కసరత్తు చేసినవారిలో ఆ లెక్క సగటున 32 నుంచి 25కు దిగింది, బరువు మాత్రం చెప్పుకోదగినంత మారలేదు. దీనికి ఒక వివరణ ఉంది. వన్‌టౌన్ బట్టల కొట్లో పగలంతా కూర్చున్న వ్యాపారి పిక్కల్లో చేరిన నీరు, పడుకోగానే మెడవైపు పాకి గొంతును ఇరుకు చేస్తుంది. పిక్కలు ఆడితే ఆ నీరు పగలే పైకి మళ్లుతుంది. మిత్రులారా, ఆ మేలును ఏ తూకపు యంత్రమూ చూపించలేదు.

అయినా తీవ్రమైన జబ్బుకు నడక ఒక్కటే చాలదు. 1981లో సిడ్నీలో కోలిన్ సలివన్ బృందం లోకానికి చూపిన సీప్యాప్ యంత్రం ముక్కుకు తగిలించే మాస్కు ద్వారా గాలి ఒత్తిడినిచ్చి గొంతును తెరిచి ఉంచుతుంది. నడక కోసం నాలుగింటికే మాస్కు తీసేసేవారు ఒక్కటి గమనించాలి: కలలు వచ్చే నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ, చాలామందికి ఊపిరి ఎక్కువగా ఆగేదీ అప్పుడే. మాస్కు తీసేసి మళ్లీ కునుకు తీయడం కంటే, నిద్ర పూర్తయ్యాకే లేచి బెజవాడ ఎండ ముదరకముందు నడవడం మేలు. గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడిగాకే వేగం పెంచండి. మద్యం, నిద్రమాత్రలు గొంతును ఇంకా సడలిస్తాయి.

ఇక్కడున్న అమ్మలకు ఒక మాట. ముట్లుడిగాక ఈ జబ్బు మీలోనూ పెరుగుతుంది; గురక కంటే నీరసం, ఉదయపు తలనొప్పి, నిద్రపట్టకపోవడం ముందు కనిపించవచ్చు. దాన్ని వయసు మీదికి నెట్టేయకండి.

అందరికీ నా విన్నపం ఒక్కటే. ఈ రాత్రి మీ గురకను ఇంట్లోవారి చేత ఫోనులో రికార్డు చేయించండి. మందుచీటీలన్నీ ఒకే కవర్లో పెట్టుకోండి. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు మీ పక్కన పడుకునేవారిని గుమ్మం దగ్గర నిలబెట్టకుండా లోపలికి తీసుకెళ్లి, ముందు వారినే మాట్లాడనివ్వండి.