కాలిన ఆయిల్ రాయకండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, మళ్ళీ చదవను. ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడిలో ఇంతమంది ముందు తెలుగులో మాట్లాడటం నాకు చాలా సంతోషంగా ఉంది.

ఈ రోజు సెప్టెంబర్ 28. రేబిస్ టీకా కనిపెట్టిన పాశ్చర్ 1895లో కన్నుమూసిన రోజు కాబట్టే దీన్ని రేబిస్ దినంగా పెట్టారు. టీకా సంగతి డాక్టరుగారు చెప్పేశారు. నేను కుక్కల దురద గురించి మాట్లాడతాను.

మాకు చుక్క అని ఒక కుక్క ఉండేది. మహేంద్రతనయ ఒడ్డున దొరికిన పిల్ల. ఒక వానాకాలం తోక మొదట్లో గోక్కోవడం మొదలెట్టింది. రాత్రంతా దాని కాలు అరుగుకి తగులుతూ టకటకమని చప్పుడు. వారం తిరిగేసరికి అక్కడ బొచ్చు ఊడి, చర్మం ఎర్రగా చెమ్మదేలింది. పక్కింటాయన చూసి, "గజ్జి మాస్టారూ, గ్యారేజీలో కాలిన ఆయిల్ తెచ్చి రాసీండి, పోద్ది" అన్నాడు. రాశాను. నా చేతులతోనే రాశాను. అది నా వైపు చూస్తూ ఆ ఆయిల్ నాకేసింది. రాత్రికి వాంతులు. మర్నాడు గిన్నె వైపు కూడా చూడలేదు.

పశువైద్యుడు గిన్నెలు తోమే లిక్విడ్‌తో మళ్ళీ మళ్ళీ కడిగించి, సెలైన్ ఎక్కించి బతికించారు. తర్వాత పేలదువ్వెన అడిగారు. తోక దగ్గర దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడి కాగితం మీద వేశారు. వాటి చుట్టూ ఎర్రటి మరక పాకింది. అది పురుగు తాగి విసర్జించిన నెత్తురు. చుక్కకి గజ్జే లేదు! బొచ్చులో గెంతే చిన్న పురుగులు కుట్టినప్పుడు వాటి లాలాజలం దానికి పడలేదు. అలాంటి కుక్కకి ఒకటి రెండు కాట్లు చాలు.

ఆయిల్ రాసినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చెయ్యి ఎత్తండి, మొదటి చెయ్యి నాదే. నిజంగా గజ్జి అయినా అది మందు కాదు. చర్మాన్ని కాలుస్తుంది, నాకితే కడుపులోకి పోతుంది. కిరోసిన్, ఫినాయిల్ కూడా అంతే.

కుక్క ఎక్కడ గోక్కుంటోందో చూడండి. చెవి అంచులు, మోచేతులు అయితే గజ్జి కావచ్చు, చర్మం గీకి మైక్రోస్కోపులో చూడాలి. పాదాలు నాకుతూ, పొట్ట, చెవులు గోక్కుంటుంటే దుమ్మో పుప్పొడో తిండో పడట్లేదేమో. తిండి మీద అనుమానం ఉంటే డాక్టరు చెప్పిన ఒకే తిండి కనీసం 8 వారాలు పెట్టాలి, మధ్యలో బిస్కెట్ ముక్క కూడా వద్దు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్ర తేకండి. దురద ఆగుతుంది గానీ అసలు జబ్బు లోపల ముదిరిపోవచ్చు.

పురుగులైతే కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే. గుడ్లూ పిల్లలూ అది పడుకునే గోనెలో, అరుగు పగుళ్ళలో ఉంటాయి. గోనె వేడినీళ్ళలో ఉతకండి, రోజూ ఊడ్వండి. మందు కుక్క బరువును బట్టి డాక్టరే చెప్పాలి. ఇంట్లో పిల్లి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. కుక్కలకి వాడే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు పిల్లి ప్రాణం తీయగలదు.

మళ్ళీ ఆయిల్ దగ్గరికే వస్తున్నాను, మన్నించండి. గ్యారేజీ నడిపే తమ్ముళ్ళూ, కుక్కకని అడిగితే ఇవ్వకండి. ఆ మాటే తెలుగులో, ఒడియాలో రాయించి తెచ్చాను, మీ గోడకి అంటించండి. బయట బల్ల మీద పేలదువ్వెన, తెల్ల కాగితం, నీళ్ళు పెట్టాను. టీకా వేయించాక మీ కుక్కని ఒక్కసారి అటు తీసుకురండి, తోక దగ్గర దువ్వి చూద్దాం.