లినక్స్ ఫోనుకు అసలు కష్టం నిద్రతోనే

[తెరపై: పక్కపక్కనే రెండు ఫోన్లు. రెండింటి తెరలూ ఆరి ఉన్నాయి.]

"ఆండ్రాయిడ్ లోపల ఉన్నదీ లినక్సే కదా, మళ్లీ వేరే లినక్స్ ఫోను ఎందుకు?" లినక్స్ ఫోను అంటే ఆండ్రాయిడ్ బదులు కంప్యూటర్లలో వాడే లినక్స్‌నే నడిపే ఫోను. ఈ ప్రశ్న అడిగేవారి మీద నాకేమీ కోపం లేదు. దానికి వచ్చే జవాబే చిరాకు తెప్పిస్తుంది. "యాప్‌లు లేవు, అందుకే పనికిరాదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. యాప్‌ల కొరత నిజమే. అయితే అది రెండో సమస్య. మొదటిది నిద్ర.

ఔను, నిద్రే. రాత్రి కాపలాదారును తలచుకోండి. పని తెలిసినవాడు కుర్చీలో కునుకు తీస్తూనే ఉంటాడు. గేటు గంట మోగగానే లేస్తాడు, వచ్చినదెవరో చూస్తాడు, మళ్లీ కునుకుతాడు. రోజులో ఎక్కువ సేపు ఫోను చేసే పని ఇదే. మీరు దాన్ని చూస్తున్న సమయం కన్నా అది జేబులో పడి ఉన్న సమయమే ఎక్కువ.

కంప్యూటర్ల మీద పెరిగిన లినక్స్‌కు ఈ కునుకు అలవాటు లేదు. అయితే కళ్లు విప్పార్చుకుని తెల్లవార్లూ మేలుకొంటుంది, లేదంటే తలుపు గడియ పెట్టుకుని పడుకుంటుంది. ల్యాప్‌టాప్ మూత మూశాక ఎవరు పిలిస్తే దానికేం? ఆండ్రాయిడ్ ఈ లెక్కను తిరగేసింది. అక్కడ నిద్రే సహజ స్థితి, మేలుకొని ఉండటానికే కారణం చూపించాలి. "పాట వినిపిస్తున్నాను, ఇంకాసేపు పడుకోకు" అని యాప్ అడగాలి. దీని పేరు వేక్‌లాక్. ఇది లినక్స్ గుండెకాయ అయిన ప్రధాన కెర్నల్‌లోకి రావాలా వద్దా అని ఆండ్రాయిడ్ ఇంజనీర్లకూ కెర్నల్ పెద్దలకూ ఏళ్ల తరబడి వాదన నడిచింది. చివరికి అదే పని చేసే మరో ఏర్పాటు 2012లో 3.5 వెర్షన్‌లో చేరింది. ఆ పాత వాదనలు చదువుతుంటే నాకు భలే సరదా. ఇరుపక్షాలూ చెప్పినది సబబుగానే తోస్తుంది.

కెర్నల్‌కు వచ్చినంత మాత్రాన సరిపోదు. పైన నడిచే ప్రతి ప్రోగ్రామూ ఆ క్రమశిక్షణ పాటించాలి. డెస్క్‌టాప్ కోసం రాసినవి ఎందుకు పాటిస్తాయి? తమ కాపలాదారు ఎప్పుడూ మేలుకొనే ఉంటాడన్న ధీమాతో రాసినవి అవి.

[తెరపై: పైన్‌ఫోన్ లోపలి బోర్డు.]

పైన్64 సంస్థ 2020లో తెచ్చిన పైన్‌ఫోన్‌ను చూడండి. ఇందులో ప్రధాన ప్రాసెసర్ నిజంగానే పడుకుంటుంది. అదే చిప్‌లో ఓ మూల ఓపెన్‌రిస్క్ రకం బుల్లి ప్రాసెసర్ ఒకటి ఉంది. క్రస్ట్ అనే ఫర్మ్‌వేర్ (చిప్‌ను నడిపే చిన్న ప్రోగ్రాము) సాయంతో ఆ నిద్ర వ్యవహారమంతా అది చూసుకుంటుంది. ఇక మొబైల్ నెట్‌వర్క్‌తో మాట్లాడే మోడెం వేరే భాగం. కాల్ రాగానే ఒక తీగ మీదుగా సంకేతం పంపి ప్రధాన ప్రాసెసర్‌ను తట్టి లేపుతుంది. తమాషా ఏమిటంటే, ఆ మోడెం లోపలా ఓ చిన్న లినక్స్ నడుస్తోంది. గేటు దగ్గర గంట కొట్టేది కూడా మన కాపలాదారు తమ్ముడే! కాకపోతే తట్టిన వెంటనే అన్నగారు లేవడు. కొన్ని సెకన్లు పడుతుంది. అవతలివారికి రింగ్ వినిపిస్తూనే ఉంటుంది, ఇక్కడ తెర ఇంకా వెలగదు.

కాల్, ఎస్సెమ్మెస్ అయితే కనీసం గంట కొడతాయి. చాటింగ్ సందేశం అదీ కొట్టదు. అది ఇంటర్నెట్ దారిన వస్తుంది, ఆ దారిని తెరిచి ఉంచాల్సిన ప్రోగ్రామేమో గాఢ నిద్రలో ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వారి ఫైర్‌బేస్ సేవ ఒక్క కనెక్షన్‌ను తెరిచి ఉంచుతుంది, దాదాపు అన్ని యాప్‌ల సందేశాలూ ఆ ఒక్క ద్వారం గుండానే వస్తాయి. దీనికి బదులుగా యూనిఫైడ్‌పుష్ అనే స్వేచ్ఛా ప్రమాణం ఉంది, మంచి ఆలోచన కూడా. కానీ యాప్‌లు రాసేవారు దానితో కలిసిరావాలి. అంతవరకు మీరే తేల్చుకోవాలి: కాపలాదారును పడుకోనివ్వకుండా బ్యాటరీ తగలేస్తారా, పడుకోనిచ్చి సందేశాలన్నీ లేచాక గుంపుగా అందుకుంటారా?

సరే, ఇప్పుడు అందరూ అడిగే యాప్‌ల సంగతి. వేడ్రాయిడ్ ఉంది కదా, ఆండ్రాయిడ్ యాప్‌లన్నీ నడుస్తాయి కదా అంటారు. వేడ్రాయిడ్ ఎమ్యులేటర్ కాదు, అంటే వేరే ఫోనును అనుకరించే ప్రోగ్రాము కాదు. లినక్స్ కెర్నల్ మీదే ఒక కంటైనర్‌లో, అంటే విడిగా కట్టిన గదిలాంటి చోట, ఆండ్రాయిడ్‌కు మరో రూపమైన లినియేజ్‌ఓఎస్‌ను నడుపుతుంది, అందుకే వేగం బాగుంటుంది. అంటే మన కాపలాదారుకే వేరే సంస్థ యూనిఫాం తొడిగామన్నమాట. మ్యాపులు, చాటింగ్ యాప్‌లు చాలావరకు ఆ యూనిఫాం చూసి ఊరుకుంటాయి. బ్యాంకు ఊరుకోదు. "బట్టలు సరే, సంస్థ ముద్ర ఉన్న గుర్తింపు కార్డు చూపించు" అంటుంది. ఆ కార్డు పేరు ప్లే ఇంటెగ్రిటీ, ముద్ర గూగుల్ చేతిలో ఉంది. కఠినంగా అడిగే యాప్‌లు చిప్‌లో భద్రపరిచిన తాళంచెవితో చేసిన సంతకం కూడా కావాలంటాయి. కంటైనర్ దాన్ని ఎక్కడినుంచి తెస్తుంది?

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. దీన్ని లినక్స్ అసమర్థత అంటారు. యాప్ నడవగలదు, నడవనివ్వడం లేదు. ఎంత మంది కూర్చుని ఎంత కోడ్ రాసినా తీరే సమస్య కాదిది. పైగా వేడ్రాయిడ్ కిటికీ మూసేస్తే మామూలుగా ఆ కంటైనర్ స్తంభించిపోతుంది. నోటిఫికేషన్ల గొడవ మళ్లీ మొదటికే వస్తుంది.

నా మట్టుకు లినక్స్ ఫోనులో అన్నిటికన్నా పనికొచ్చే యాప్ బ్రౌజర్. ఫాష్ లాంటి ఫోను తెర ఇంటర్‌ఫేస్‌లు వచ్చాక, గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్ ప్రోగ్రాములు చాలావరకు చిన్న తెరకు తగ్గట్టు సర్దుకుంటున్నాయి కూడా.

[తెరపై: మూలన గడియారం.]

వీడియో సాగిపోతోంది, మిగతాది గబగబా చెబుతాను.

రెండు రకాల లినక్స్ ఫోన్లున్నాయి. మొదటి రకం ఉబుంటు టచ్. దాన్ని 2017లో ఉబుంటు తయారుచేసే కనోనికల్ సంస్థ వదిలేశాక యూబీపోర్ట్స్ బృందం చేపట్టింది. చాలా ఫోన్లలో ఇది ఆండ్రాయిడ్ కెర్నల్‌నూ డ్రైవర్లనూ అరువు తెచ్చుకుంటుంది. కాబట్టి కెమెరా, బ్యాటరీ కాస్త మెరుగు, కెర్నల్ మాత్రం పాతది. రెండో రకమైన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వీలైనంతవరకు అసలైన తాజా కెర్నల్ కావాలంటుంది. ఫోను పదేళ్లు బతకాలన్నది దాని ఆశయం. అక్కడ కెమెరా మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. వోల్టీ (4జీ మీదుగా కాల్ మాట్లాడే ఏర్పాటు) ఇంకో తలనొప్పి: 2జీ, 3జీ తీసేసిన చోట అది పనిచేయకపోతే మామూలు కాల్ కూడా ఉండదు.

కొత్త ఫోను కొనకండి. వన్‌ప్లస్ 6, పోకో ఎఫ్1 లాంటి పాతది దొరికితే దాన్నే రెండో ఫోనుగా వాడి చూడండి. ముందు పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వికీలో ఆ ఫోను పేజీ తెరిచి, కాల్స్ అన్న వరుసను చూడండి, కెమెరా వరుసను తరువాత చూద్దురుగాని. ఆపైన మీ బ్యాంకు సైటులోకి బ్రౌజర్‌లో వెళ్లి, లాగిన్‌కు యాప్‌లో ఆమోదం అడుగుతుందేమో తేల్చుకోండి. అడిగితే, ఆండ్రాయిడ్ ఫోనును ఇప్పుడే అమ్మేయకండి.