ర్యాంపు ఎక్కాక ఏముంది?

హోస్ట్: నమస్కారం. ఆర్ట్ మ్యూజియంలు వికలాంగులకు ఎంతవరకు అందుతున్నాయి? ఇవాళ్టి మాటలన్నీ దాని గురించే. ఈ రంగంలోనే పనిచేస్తున్న మేడం మనతో ఉన్నారు. మేడం, ఈ విషయం ఎత్తగానే అందరూ ర్యాంపు, లిఫ్ట్ అంటారు కదా?

అతిథి: అవి ఉండి తీరాలండి. ఒక అడుగు ఎత్తుకు ర్యాంపు కనీసం 12 అడుగుల పొడవుండాలి. లేదంటే వీల్‌చైర్‌ని సొంతంగా తోసుకుంటూ ఎక్కడం చాలా కష్టం. సరే, ఎక్కి లోపలికొచ్చారు. తీరా చూస్తే గాజుపెట్టె కంటికి అందనంత ఎత్తులో ఉంది, అద్దం మీద లైటు మెరుపు తప్ప ఏమీ కనబడదు. మరి వచ్చి ఏం లాభం?

హోస్ట్: చూపు లేనివాళ్ల సంగతి?

అతిథి: ఇటలీలోని ఆంకోనాలో ఒమేరో మ్యూజియం ఉంది. చూపు లేని దంపతులు ఆల్డో గ్రాసీని, డానియేలా బొత్తెగోని ఆలోచనతో 1993లో మొదలైంది. అక్కడ శిల్పాలను చేత్తో తడిమి చూడొచ్చు. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం 2015లో ఆరు పెయింటింగ్‌ల నకళ్లను ఉబ్బెత్తుగా చేయించి, తాకి చూడమని పెట్టింది. కంటికైతే బొమ్మంతా ఒక్కసారే కనబడుతుంది. చేతికి ముందు బట్ట మడత తగులుతుంది, తర్వాత మోచేయి. ఆ మోచేయి ఎవరిదో ఇంకాసేపటికి గానీ తెలియదు. అందుకే గైడు ముందే బొమ్మ ఎంతుంది, ఎవరు ఎటువైపున్నారు అన్నది చెప్పేసి, ఆ తర్వాత కాసేపు మాట్లాడకుండా ఉండాలి. చాలామంది ఉండలేరు!

హోస్ట్: నకళ్లెందుకు, అసలు శిల్పాలనే ముట్టుకోనివ్వొచ్చు కదా?

అతిథి: చేతి చెమట, జిడ్డు పాలరాతిలోకి ఇంకి మరకలు పడతాయండి. కంచు కొంత తట్టుకుంటుంది. కాబట్టి కొన్నింటిని ఎంచి, ఉంగరాలు తీయించి, పల్చటి గ్లౌజులిచ్చి తాకనిస్తారు. అసలు నన్ను బాధపెట్టేది లేబుళ్లు. కాగితం మీది బొమ్మలు వెలిసిపోకుండా గదిలో వెలుతురు మామూలుగా 50 లక్స్ దగ్గరే, అంటే బాగా మసకగా ఉంచుతారు. లక్స్ అంటే వెలుతురుకు కొలత. అది అవసరమే. కానీ ఆ మసకలోనే చీమలంత అక్షరాల లేబుల్ పెడితే చూపు తగ్గినవాళ్లు ఎలా చదువుతారు? పెద్ద అక్షరాల కార్డొకటి చేతికిస్తే సరిపోతుంది. దానికి ఖర్చెంతండి?

హోస్ట్: వినికిడి లేనివాళ్లకు, ఆటిజం ఉన్న పిల్లలకు?

అతిథి: వీడియోలకు క్యాప్షన్లు, సైన్ లాంగ్వేజ్‌లో టూర్లు. జనం, చప్పుడు తట్టుకోలేని పిల్లలకు రద్దీ లేని గంటలు కేటాయించాలి. ఏ గంటలో రావాలో వెబ్‌సైట్‌లో ముందే చెబితే తల్లిదండ్రులకు సగం టెన్షన్ తగ్గుతుంది.

హోస్ట్: ఒక మ్యూజియం ఇప్పుడే మొదలుపెట్టాలంటే?

అతిథి: అన్నీ కట్టేశాక పిలిచి "ఎలా ఉంది?" అని అడిగితే అప్పుడిక మార్చేదేముంటుంది? వచ్చే ఎగ్జిబిషన్ ప్లాన్ ఇంకా కాగితం మీద ఉండగానే వీల్‌చైర్ వాడేవాళ్లను, చూపు లేనివాళ్లను, చెవిటివాళ్లను పిలిపించాలి. ఫీజు ఇచ్చి మరీ సలహా తీసుకోవాలి. వాళ్లు వద్దన్న చోట గాజుపెట్టె పెట్టకూడదు.