చెవులు నొయ్యకుంట నాలుగు గంటలు: హెడ్‌ఫోన్ ఎట్ల చూసి కొనాలె

అందరికి నమస్తే. డిగ్రీ పిల్లలు వచ్చిన్రు, పెద్దమనుషులు వచ్చిన్రు, ఇంత ఎండల వచ్చినందుకు మస్తు సంతోషం. నేను ఏ కంపెనీ తరఫున వచ్చినోన్ని కాదు, మన నల్లగొండలనే ఇంట్ల కూసోని ఆడియో విని టైప్ చేసే పని చేస్త. రోజుకు ఆరేడు గంటలు హెడ్‌ఫోన్ చెవుల మీదనే ఉంటది, నడుమ రెండు మూడు వీడియో కాల్స్. ఇయ్యాల రేపు కోచింగ్ క్లాసులు ఫోన్లనే, ఇంటర్వ్యూలు ఫోన్లనే, దుబాయిల ఉన్న కొడుకుతోని మాట్లాడుడు గూడ వీడియో కాల్లనే, అందుకే ఈ ముచ్చట నా ఒక్కనిది కాదనిపించి మాట్లాడనీకె ఒప్పుకున్న.

ముందుగాల నాకైంది చెప్త. మొదటి హెడ్‌ఫోన్ కొన్నప్పుడు షాపుల ఐదు నిమిషాలు పాట విన్న, బాస్ గుండెల మీద కొట్టినట్టు వస్తుండె, పైసలు కట్టి తెచ్చుకున్న. పనిల పెట్టుకున్నంక గంట కాకముందే చెవి మీద నొప్పి, కండ్లద్దాల కాడలు ఆనే తావున అయితె సూదితోని పొడిసినట్టు. రెండు నెలలు తలనొప్పి గోలీలు మింగిన, అద్దాల నంబర్ మారిందేమో అని కండ్ల డాక్టర్‌కు గూడ చూపిచ్చుకున్న, నంబర్ ఏం మారలే. ఒకరోజు హెడ్‌ఫోన్ పక్కకు పెట్టి పాత ఇయర్‌ఫోన్‌తోని పనిచేస్తె నొప్పి రాలే, అప్పుడు సమజైంది. అది తలకాయను రెండు దిక్కుల నుంచి ఒత్తే ఒత్తుడు, దాన్నే క్లాంపింగ్ ఫోర్స్ అంటరు, నా తలకు అది ఎక్కువైంది, మధ్యల అద్దాల కాడ ఇరుక్కుంటుంది. సౌండ్ ఎట్లుందో ఐదు నిమిషాలల్ల తెలుస్తది గని నొప్పి సంగతి తెల్వాలంటె గంట పడతది.

అందుకే ప్రకాశం బజార్ల కొన్నా, ఆన్‌లైన్ల కొన్నా, వాపస్ తీసుకుంటరా లేదా అని ముందే అడుగుండ్రి. ఇంటికి తెచ్చినంక డబ్బ చింపి పారేయకుండ్రి, అదే రోజు రెండు గంటలు తీయకుంట పెట్టుకోని కూసోండ్రి. అద్దాలు పెట్టుకునేటోళ్లు అద్దాలతోని, కమ్మలు బుట్టాలు పెట్టుకునే చెల్లెండ్లు అవి పెట్టుకోనే చూడాలె, ఎందుకంటె చెవి మీద ఆనే రకం, ఆన్-ఇయర్ అంటరు గదా, అది కమ్మను లోపలికి ఒత్తుతది. చెవి మొత్తం కప్పు లోపల పట్టే ఓవర్-ఇయర్ రకంల గూడ లోతు చూడుండ్రి, చెవి అంచు లోపలి బట్టకు రాసుకుంటుంటె మూడో గంటకు మండుతది. బరువెంతో గూడ కొనకముందే చూసుకోండ్రి. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం5 250 గ్రాములుంటది, ఆపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ దగ్గర దగ్గర 385 గ్రాములు, రెండూ పేరున్నయే, గని నడినెత్తి మీద పొద్దంత మోసేటోనికి ఆ తేడా మెడల తెలుస్తది. ఇంత రేటువి కొనుమని చెప్తలేను, లెక్క తెల్వాలని చెప్పిన.

ఇగ మన ఎండ సంగతి. మే నెలల 44, 45 డిగ్రీలు పోతది మన దగ్గర, కరెంట్ పోయిందంటె కప్పు లోపల చెవి ఉడుకుతది. తోలు లెక్క కనపడే మెత్తలు ఎక్కువ శాతం తోలు కాదు, ప్లాస్టిక్ పూత ఏసిన బట్ట, చెమటకు పొట్టు పొట్టు లేసి మెడ మీద నల్లగ రాలుతది. వెల్వెట్ మెత్తలు, వట్టి బట్ట మెత్తలు చల్లగుంటయి, బయటి సప్పుడు మాత్రం జర ఎక్కువ రానిస్తయి. నేనైతె బట్టయే మంచివంట. ఏది కొన్నా మెత్తలు ఊడొస్తయా, వేరేవి దొరుకుతయా అని అడుగుండ్రి, మెత్తలు పోయినయని మొత్తం హెడ్‌ఫోన్ పారేసుడు నాకు పాపమనిపిస్తది. చెవిల పెట్టుకునే ఇయర్‌బడ్స్‌కైతె డబ్బల చిన్నయి పెద్దయి రబ్బర్లు ఇస్తరు, అన్నీ పెట్టి చూడుండ్రి, ఎడమకు ఒక సైజు, కుడికి ఒక సైజు పడుడు గూడ ఉంటది.

కూలర్ సప్పుడు ఒకటుంది. కూలర్ నడుస్తుంటె మాట ఇనపడదు, వాల్యూం పెంచుతం, చెవి అలవాటైతది, ఇంకింత పెంచుతం. సప్పుడు ఎంతుందో డెసిబెల్స్‌ల కొలుస్తరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ఏందంటె 80 డెసిబెల్స్‌ల వారానికి 40 గంటలు వినొచ్చు, 90కి పోయిందంటె వారానికి 4 గంటలే. పది పెరిగితె టైం పదో వంతు అయితది, మూడు డెసిబెల్స్ పెరిగితెనే చెవికి తగిలే శక్తి డబుల్ అయితది కాబట్టి. చెవి లోపల సప్పుడును పట్టే సన్నటి వెంట్రుక కణాలు ఒక్కసారి చచ్చినయంటె మళ్ల మొలవయి తమ్ముడూ, అందుకే చెప్తున్న ఇంత గట్టిగ. నాయిస్ క్యాన్సిలింగ్ ఇక్కడనే పనికొస్తది. 1978ల అమర్ బోస్ అనే ఇంజినీరు, వాళ్ల నాయిన బెంగాల్ నుంచి అమెరికా పోయినాయన, జూరిచ్ నుంచి బోస్టన్ పోయే విమానంల ఇంజన్ మోతకు పాట ఇనపడక, ఆ మోతకు ఎదురు అలను పుట్టిచ్చి దాన్ని కొట్టేయొచ్చు గదా అని అక్కడనే లెక్కలు రాసుకున్నడు. ఒక్కతీరుగ వచ్చే మోతకు అది బాగ పనిచేస్తది, కూలర్, ఫ్యాన్, బస్ ఇంజన్. పక్కింట్ల పంచాయితీని మాత్రం పూర్తిగ ఆపలేదు. కొందరికి చెవులు దిబ్బడేసినట్టు గూడ అయితది, అట్లయితె బంద్ చేసుకోండ్రి.

డబ్బ మీద ఈఎన్‌సీ అని ఉంటె అదే ఈ నాయిస్ క్యాన్సిలింగ్ అనుకోని కొంటున్నరు, అది మోసపోయే జాగ. ఇప్పుడు చెప్పిన నాయిస్ క్యాన్సిలింగ్‌ను ఏఎన్‌సీ అంటరు, అది మీ చెవికి, ఈఎన్‌సీ మైక్‌కు, అంటే అవతలోళ్లకు మీ దగ్గరి సప్పుడు తక్కువ పోతది, మీకు కూలర్ ఇనపడుడు ఇనపడుతనే ఉంటది.

వీడియో కాల్స్‌ల ఇంకోటి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ల పాట మంచిగొస్తుంటది, కాల్ ఎత్తంగనే డబ్బల కెళ్లి మాట్లాడినట్టు అయితది, చానమంది అది పాడైందనుకుంటరు. పాడు కాలే. మైక్ ఆన్ అయితె మామూలు బ్లూటూత్ రానుపోను రెండు దిక్కుల ఆడియో మోయాలె, అందుకే క్వాలిటీ తగ్గించుకుంటది. లాప్‌టాప్‌ల సెట్టింగ్స్‌కు పోయి మైక్‌ను లాప్‌టాప్‌దే పెట్టుకుంటె మళ్ల మంచిగైతది, లేకుంటె వైర్ హెడ్‌సెట్ వాడుండ్రి, నోటి కాడికి మైక్ వచ్చేది. ఇంటర్వ్యూ ఉన్న పిల్లలకు నేను వైర్‌దే చెప్త, చార్జింగ్ భయం గూడ ఉండదు.

రెండు చెవులు గట్టిగ మూసుకోని మాట్లాడితె మన గొంతు మనకే కుండల మూతి పెట్టి మాట్లాడినట్టు ఇనపడతది, తెల్వకుంటనే అరుస్తం, సాయంత్రానికి గొంతు పోతది. సైడ్‌టోన్ అని కొన్నిట్ల ఉంటది, మన మాటను కొంచెం మన చెవికే ఇనిపిస్తది. అది లేదంటె ఒక చెవి సగం తీసిపెట్టుండ్రి, నేను రోజు అట్లనే చేస్త.

ముందు బల్ల మీద నాయే నాలుగు హెడ్‌ఫోన్లు పెట్టిన, ఒకటి పొట్టు లేసింది గూడ ఉన్నది చూడనీకె. తుడవనీకె బట్ట పక్కనే ఉన్నది. అద్దాలోళ్లు ముందు రాండ్రి, తొందరేం లేదు, పెట్టుకోని కూసోండ్రి.