బ్యాటరీ కొత్తదే, బండి మాత్రం ‘టక్’ అని ఊరుకుంటోంది

యాంకర్: మన బండి డాక్టర్ ఫోన్-ఇన్‌కి స్వాగతం. నూజివీడు నుంచి ఒకాయన చాలాసేపటిగా లైన్‌లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్కారమండీ. నాది చిన్న డీజిల్ ట్రక్కు. మామిడికాయల లోడు కట్టేసి ఉంది, తెల్లారేసరికి నున్న మార్కెట్‌లో ఉండాలి. తాళం తిప్పితే ‘టక్’ అంటోంది, అంతే. సెల్ఫ్ తిరగట్లేదు. బ్యాటరీ పోయిందన్నారని నిన్ననే కొత్తది వేయించా. మళ్లీ అదే టక్కు!

మెకానిక్: అయ్యో, ముందు ఫోన్ చేసి తర్వాత కొనాల్సింది. సరే, టెన్షన్ పడకండి. ఒక్కసారే టక్ మంటోందా, టకటకటక మని వరసగా కొడుతోందా?

కాలర్: ఒక్కసారేనండీ. గట్టిగా.

మెకానిక్: వరసగా కొడితే ముందు బ్యాటరీనో, దానికి వైర్లు బిగించే క్లాంపులనో అనుమానించాలి. ఒక్క టక్కు వేరే కథ. పక్కన ఎవరైనా ఉన్నారా? హెడ్‌లైట్లు వేసి, మీరు తాళం తిప్పండి. లైటు ఏమవుతోందో వాళ్లని చూడమనండి.

కాలర్: మా అబ్బాయి ఉన్నాడండీ. ఒరేయ్, లైటు చూడరా! ...లైటు అలాగే ఉందంటున్నాడు. కొంచెం కూడా తగ్గలేదట.

మెకానిక్: బాగా చూశాడు. లైటు ఆరిపోయేంత తగ్గితే బ్యాటరీ చార్జి లేదనో, క్లాంపు వదులైందనో అనుకునేవాణ్ణి. అస్సలు తగ్గలేదంటే కరెంటు సెల్ఫ్ మోటార్‌లోకి వెళ్లనే లేదు.

యాంకర్: లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి కరెంటు బాగానే ఉందనుకుంటాం కదా?

మెకానిక్: అందరూ అక్కడే బోల్తా పడతారు. హెడ్‌లైట్లు రెండూ కలిపి పది ఆంపియర్ల దాకా తీసుకుంటాయి. సెల్ఫ్‌కి వంద పైనే కావాలి, డీజిల్ బండికి ఇంకా ఎక్కువ. తోటలో డ్రిప్ ఫిల్టర్ మూసుకుపోతే గేటు దగ్గర కుళాయిలో నీళ్లొస్తాయి, చివరి చెట్టుకి అందవు. ఇదీ అంతే. సార్, ఈమధ్య బండి కింద ఏదైనా పని చేయించారా?

కాలర్: నెల కిందట క్లచ్ ప్లేట్ మార్పించానండీ. గేర్‌బాక్స్ దించారు.

మెకానిక్: ఆఁ! అదీ సంగతి. చాలా బండ్లకి బ్యాటరీ మైనస్‌ని బండి ఇనుముకి కలిపే లావుపాటి ఎర్త్ వైరు గేర్‌బాక్స్ దగ్గరో, ఇంజన్‌కో బోల్టు వేసి ఉంటుంది. దించేటప్పుడు విప్పుతారు. ఎక్కించేటప్పుడు తుప్పు గీకకుండా బిగించినా, బోల్టు వదులుగా వదిలేసినా కరెంటుకి తిరుగుదారి ఉండదు. ఇది నా అనుమానమే, తేల్చుకుందాం. ఒక బండి బ్యాటరీ నుంచి ఇంకోదానికి కరెంటు ఇచ్చే జంపర్ కేబుల్ దొరుకుతుందా?

కాలర్: పక్కన ట్రాక్టరు వాళ్ల దగ్గర ఉంటుంది.

మెకానిక్: నల్ల కేబుల్ ఒక్కటే తీసుకోండి, ఎర్రది అసలు ముట్టుకోవద్దు. బండి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగండి. ఒక క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి, రెండోది పెయింటు లేని ఇంజన్ ఇనుముకి, ఫ్యాన్ బెల్టుకి దూరంగా. అప్పుడు సెల్ఫ్ కొట్టండి. తిరిగితే దొంగ దొరికినట్టే. తిరగకపోతే సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్, అదే సాలినాయిడ్‌లోనో, మోటార్ లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లలోనో లోపం. అప్పుడు సెల్ఫ్ మోటార్ దించాల్సిందే.

యాంకర్: చూసి మళ్లీ చేయండి సార్. ఈలోగా విశాఖ నుంచి ఒకమ్మ.

కాలర్ 2: అన్నా, నా స్కూటీ నెల రోజులు ఊరికే ఉంది. బటన్ నొక్కితే టిక్కుటిక్కుటిక్కు మంటోంది. కిక్ కొడితే మాత్రం ఒక్క దెబ్బకి స్టార్ట్ అవుతోంది.

మెకానిక్: మీది అచ్చంగా బ్యాటరీ చార్జి సమస్యేనమ్మా. టెర్మినల్స్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పట్టిందా?

కాలర్ 2: ఆ, ఉప్పులాగా ఉంది.

మెకానిక్: స్విచ్ ఆఫ్ చేసి ముందు మైనస్ విప్పండి, తర్వాత ప్లస్. వంటసోడా కలిపిన నీళ్లలో పాత టూత్‌బ్రష్ ముంచి తోమి, ఆరాక బిగించండి. బిగించేటప్పుడు మైనస్ చివర్లో. తర్వాత చార్జింగ్ పెట్టించి, కాసేపు ఆగి మీటరు పెట్టమనండి. 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. మర్నాటికే 12 కన్నా దిగిపోతే ఇక కొత్తది కొనుక్కోవాల్సిందే. రోజూ రెండు నిమిషాలు ఆన్ చేసి ఆపేస్తే చార్జి అవుతుందనుకోకండి. ఆ కాసేపటికి సెల్ఫ్ తాగినంత కూడా తిరిగి రాదు.

కాలర్ 2: మా ఆయన చేసేది అదే అన్నా! వింటున్నారు, వింటున్నారు.

యాంకర్: (నవ్వుతూ) మళ్లీ నూజివీడు. సార్?

కాలర్: అందుకుందండీ! కేబుల్ పెట్టి తాళం తిప్పగానే అందుకుంది! వినపడుతోందా?

మెకానిక్: వినపడుతోంది. కానీ ఆ కేబుల్‌తో మార్కెట్‌కి బయల్దేరకండి. బండి ఆపేసి, బ్యాటరీ మైనస్ విప్పి, ఎర్త్ వైరు రెండు కొసలూ మెరిసేదాకా గీకి గట్టిగా బిగించండి. వైరు లోపల నల్లబడి పీచుపీచుగా ఉంటే కొత్తది వేయించండి.

కాలర్: అలాగేనండీ. మరి ఆ పాత బ్యాటరీ?

మెకానిక్: కొట్లో ఇచ్చేశారా?

కాలర్: ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశానండీ.

మెకానిక్: పొద్దున్నే వెళ్లి అడిగి చూడండి. అది బాగానే ఉండి ఉంటుంది.