మాత్ర పనిచెయ్యట్లేదు బాబూ

(తెలుగు భాషా దినోత్సవం నాడు పర్లాకిమిడిలో ఒక మందుల షాపు యజమాని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజున మందుల షాపువాడికి మైకు ఇచ్చారేమిటా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. నేనూ అనుకున్నాను. "భాష గురించి మాట్లాడేవాళ్లు ముగ్గురున్నారు, మీరు మీ సంగతి చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. నా సంగతి ఈ వీధిలో సగం మందికి సగం తెలుసు. మూడేళ్ల కిందట నా షాపు నాలుగు నెలలు సరిగా తెరుచుకోలేదు. అప్పులన్నారు, అన్నదమ్ముల తగాదా అన్నారు. రెండూ కాదు. నాకు డిప్రెషన్ వచ్చింది. ఇంత చిన్న వాక్యం నలుగురిలో అనడానికి నాకు మూడేళ్లు పట్టింది.

పంతులుగారు ఈ ఊళ్లో మాష్టారుగా ఉంటూ సవర భాష కోసం కొండలెక్కి దిగారు. మలేరియా పట్టుకుంది. క్వినైన్ వాడితే జ్వరం తగ్గింది గానీ చెవులు దెబ్బతిన్నాయి. పనిచేసిన మందే అంత ఖరీదు అడిగింది. నేను మాట్లాడబోయేది పనిచెయ్యని డిప్రెషన్ మందు గురించి. లేదా పనిచెయ్యట్లేదని మనం అనుకునే మందు గురించి.

ఇరవై ఏడేళ్లుగా కౌంటర్ దగ్గర వింటున్న మాట ఒకటుంది. "మాత్ర పనిచెయ్యట్లేదు బాబూ, ఏటోలాగే ఉంది." ఒకప్పుడు నేను మారు ప్రశ్న వేసేవాణ్ణి కాదు. ఇప్పుడు అడుగుతున్నాను, ఎన్ని వేసుకున్నారని.

ఎందుకంటే నా దగ్గర కత్తెర ఉంటుంది. నెలకి రాసిన చీటీ తెచ్చి "ఓ అయిదివ్వండి" అంటారు. స్ట్రిప్ సగానికి కోసి ఇస్తాను. మందు పేరున్న ముక్క ఒకరికి, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క ఇంకొకరికి వెళ్తుంది. అయిదు రోజులకి అవి అయిపోతాయి. మళ్లీ సంతకి వచ్చినప్పుడే షాపుకి రావడం. ఆరు వారాల తర్వాత లెక్క చూస్తే ఆ మనిషి మింగినవి ఇరవై ఉంటాయి. ఉద్దానం వైపు చుట్టాలున్నవాళ్లకి ఇంకో భయం. అక్కడ కిడ్నీలు పోయినవాళ్లని కళ్లారా చూశారు కాబట్టి ఏ మాత్ర అయినా రోజు విడిచి రోజు వేస్తారు. వాళ్ల భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. కానీ ఆ మాట డాక్టరుకి చెప్పాలి కదా. చెప్పరు. డాక్టరు ముప్ఫై రోజులూ వేశారనుకుని డోసు పెంచుతారు.

ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో ఉన్నాం కాబట్టి మనకి మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటి. మొదట బరంపురంలో చూపించుకుంటారు. తగ్గలేదని విశాఖ వెళ్తారు. అక్కడ వేరే పేరు రాస్తారు. "రెండు మందులు మార్చాను, రెండూ దండగే" అని నా ముందు రెండు స్ట్రిప్పులు పడేస్తారు. తిప్పి చూస్తే రెండింటి వెనకా చిన్న అక్షరాల్లో ఎస్కిటలోప్రామ్ అనే ఉంటుంది, డిప్రెషన్‌కి ఇచ్చే మందు. కంపెనీ మారింది, మందు మారలేదు. ఒకాయన అయితే రెండూ కలిపే వేసుకుంటున్నాడు.

ఈ మందుల తీరే వేరు. చెడు ముందొస్తుంది, మంచి వెనకొస్తుంది. మొదటి వారంలోనే వికారం, తలనొప్పి, నిద్ర చెడటం. మేలు కాస్త కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, తేల్చుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది. పారాసిటమాల్‌కి అలవాటుపడ్డ మనకి ఇది మింగుడుపడదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా నా మొదటి మందు పన్నెండో రోజున మానేశాను. మిగిలినవి నా చేత్తో నేనే తిరిగి రాక్‌లో పెట్టేశాను.

రెండోసారి బరంపురంలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం. మంచాయన, తొందరపెట్టలేదు. "అలవాట్లేమైనా ఉన్నాయా?" అని అడిగారు. "లేవండి" అన్నాను. పక్కనే కూర్చున్న మా ఆవిడ తన చెప్పులకేసి చూసుకుంది. రోజూ రాత్రి షట్టర్ సగం దించి రెండు పెగ్గులు వేసుకునేవాణ్ణి. ఆ సంగతి ఆవిడకి తెలుసు, నాకు తెలుసు, పక్క కిరాణా షాపాయనకి తెలుసు. మందు రాసే మనిషికి తప్ప అందరికీ తెలుసు! మద్యం దిగులుని పెంచుతుంది, నిద్రని విరగ్గొడుతుంది, మాత్ర కష్టపడి కట్టిందాన్ని రాత్రికి రాత్రి కూలుస్తుంది. అలా ఆరు వారాలు గడిపి, ఈ మందు కూడా పనిచెయ్యలేదని తీర్మానించాను. తిరుగు బస్సులో మా ఆవిడ ఒక్కటే అంది. "వచ్చే నెల మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

నేనే చెప్పాను. ఎలా చెప్పానో కూడా వినండి, ఇవాళ భాష రోజు కదా. నేను ఒడియా బాగానే మాట్లాడతాను, వ్యాపారమంతా అందులోనే. కానీ మొదటి రెండుసార్లూ ఆయన దగ్గర నా నోట్లోంచి వచ్చింది "భొలొ లాగునాహి" ఒక్కటే. బాగాలేదు అని. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి గుండెల మీద రాయి పెట్టినట్టుండటం, మనవరాలు ఎదురుగా ఆడుతున్నా టీవీలో ఎవరి పిల్లనో చూస్తున్నట్టుండటం, ఇవి నాకు ఒడియాలో రాలేదు. మూడోసారి తెలుగులో చెప్పాను. ఆయనకి సగం అర్థమైంది, మిగతా సగం మా ఆవిడ ఒడియాలో చెప్పింది. పంతులుగారు జీవితమంతా పోరాడింది ఇందుకే కదా, మనిషి మాట్లాడే భాషలోనే మనిషి పని జరగాలని!

మాత్ర సరిగ్గా వేసుకున్నా తగ్గనివాళ్లుంటారు. నా షాపుకొచ్చే ఒక టీచరమ్మ రెండేళ్లు వాడింది. ఒళ్లు బరువు, మలబద్ధకం, చలి. చివరికి ఎవరో థైరాయిడ్ పరీక్ష రాస్తే అదీ అసలు సంగతి. రక్తహీనత, బీ12 లోపం కూడా దిగులు వేషం కట్టగలవు. ఇంకోటి, చాలా ముఖ్యం. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకున్నా అలసట లేకుండా, వారం పది రోజులు విపరీతమైన హుషారుతో, ఖర్చులతో, మాటలతో గడిచిందా? ఉంటే చెప్పి తీరాలి. అది బైపోలార్ కావచ్చు, దానికి వేరే మందులున్నాయి. డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మనిషి అటు ఎగిరిపోవచ్చు.

ఇవేవీ లేకపోయినా తగ్గకపోవచ్చు. అమెరికాలో డిప్రెషన్ ఉన్న సుమారు 4,000 మందితో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నది దాదాపు మూడో వంతు. మందు మార్చిన కొద్దీ ఇంకొందరు తేరుకున్నారు గానీ, మెట్టు మెట్టుకీ ఆ వంతు తగ్గింది. అన్ని మెట్లూ కలిపి చెప్పిన మొత్తం ఎక్కువ చేసి చెప్పిందని 2023లో మళ్లీ లెక్కలు తీసినవాళ్లు అన్నారు. ఆ తగవు వాళ్లు తేల్చుకుంటారు. నేను పట్టుకున్న ముక్క ఒకటే, మొదటి మాత్రతో పూర్తిగా బాగుపడనివాళ్లే ఎక్కువ. ఇది తెలియక నేను "నా ఖర్మ" అనుకున్నాను. 2018లో 21 డిప్రెషన్ మందుల మీద 522 పరీక్షలు కలిపి చూస్తే, అన్నీ మందు లేని ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగే, కానీ తేడా మరీ పెద్దది కాదు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గింది, మాత్ర దాన్ని నింపుతుంది అని నేను కౌంటర్లో ఎందరికో ధీమాగా చెప్పాను. ఆ వివరణకి గట్టి ఆధారం లేదని 2022లో వచ్చిన సమీక్ష తేల్చింది. అంతమాత్రాన మందు పనిచెయ్యదని కాదు. ఎందుకు పనిచేస్తుందో నేను చెప్పినంత తేలిక కాదని.

డోసు, వ్యవధి సరిగ్గా ఉండి రెండు మందులు విఫలమైతే డాక్టర్లు ఇంకో దారి పడతారు. లిథియం లాంటిది జోడించడం ఉంది, మాటలతో చేసే వైద్యం ఉంది, అయస్కాంత తరంగాల వైద్యం ఉంది. కరెంటు షాక్ అనగానే సినిమాలు గుర్తొస్తాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా అది చెయ్యడం నిషేధం. తీవ్రమైన డిప్రెషన్‌లో బాగా పనిచేసే వైద్యాల్లో అదొకటి.

ఒకటి మాత్రం చెయ్యకండి. పనిచెయ్యట్లేదని ఠక్కున ఆపేయకండి. తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం వస్తాయి. అది చూసి జబ్బు ముదిరిందనుకుంటారు. డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించుకోవాలి.

మరి మందు కుదిరేదాకా రోజు గడవడం ఎలా? మా ఇంట్లో జరిగింది చెప్తాను. "ధైర్యంగా ఉండండి" అని మా ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. పొద్దున పదింటికి షట్టర్ ఎత్తమనేది, పదకొండింటికి దించెయ్యమనేది. ఒక్క గంట. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని నేను, పని చేస్తుంటే అదే వస్తుందని ఆవిడ. ఆవిడ మాటే నెగ్గింది. ఆర్డర్ల పుస్తకం వెనక పేజీల్లో రోజూ రాత్రి మూడు అంకెలు వేయించేది. నిద్ర, తిండి, స్నానం, పదికి ఎంత? స్నానానికి సున్నాలు వరసగా ఉన్నాయి, చూపించడానికి సిగ్గుపడను. ఆ పేజీలు చూసే డాక్టరు మూడో మందు డోసు సరిచేశారు. బాగుపడుతున్నానని నాకన్నా ముందు ఆ పుస్తకానికి తెలిసింది. ఒకరోజు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ మీద గట్టిగా విసుక్కున్నాను. మా ఆవిడ లోపలికెళ్లి పాయసం పెట్టింది.

ఇంకో సంగతి. ఆ నాలుగు నెలలూ షాపు తాళాలు ఆవిడ దగ్గరే ఉన్నాయి. నిండా మందులున్న షాపు కదా. ఎందుకు తీసుకుందో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడనిపిస్తుంది, అడగాల్సింది, చెప్పాల్సింది. చనిపోవాలనే ఆలోచన వస్తే ఇంట్లో ఒక్కరికైనా ఆ రోజే చెప్పండి. మాత్రలు మొదలుపెట్టిన, డోసు మార్చిన తొలి వారాల్లో, ముఖ్యంగా 25 ఏళ్లలోపు పిల్లల్లో, ఆ ఆలోచనలు పెరగొచ్చు. ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి, డాక్టరుకి వెంటనే ఫోన్ చెయ్యాలి. 14416 టెలి మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబరు, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు. తెలుగు ఎంచుకోవచ్చు, ఒడియా కూడా.

నేను ఇప్పటికీ ఒక మాత్ర వేసుకుంటున్నాను. పూర్తిగా మునుపటి మనిషినయ్యానా అంటే, కాలేదు. ఇప్పటికీ కొన్ని తెల్లవారుజాములు బరువుగానే ఉంటాయి. షాపు మాత్రం తొమ్మిదికి తెరుస్తున్నాను. మీ ఇంట్లో ఎవరిదైనా ఇలాంటి చీటీ ఉంటే, వచ్చేటప్పుడు పాత స్ట్రిప్పులు కూడా పట్టుకురండి, ఖాళీవీ, మిగిలినవీ. కౌంటర్ మీద పరిచి లెక్కపెడదాం. డాక్టరుకి ఏం చెప్పాలో కాగితం మీద రాసిస్తాను, తెలుగులో.